కథలో సాసరు, ఇంట్లో విరేచనాలు

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పేజీల్లో, పుస్తకాల కొట్లలో జంతువుల కథలు వరసకడతాయి. వానలో తడిసిన కుక్కపిల్లను గౌనులో చుట్టి తెచ్చిన పాప, రెక్క విరిగిన పిచ్చుకకు పసుపు రాసి కట్టుకట్టిన తాతయ్య, తల్లిలేని దూడను బిడ్డలా సాకిన అవ్వ. చదువుతుంటే గుండె కరుగుతుంది, కరగనివ్వండి. మా తగువు కథతో కాదు, దాని పక్కన వేసే బొమ్మతో. కళ్లు కూడా సరిగ్గా తెరవని కుక్కపిల్ల, దాని ముందు సాసరు, సాసరు నిండా పాలు. ఏ భాష పుస్తకం తిప్పినా ఇదే బొమ్మ. బొమ్మ చూసిన పిల్లలు అలాగే చేస్తారు. మూడోనాటికి ఆ కుక్కపిల్ల విరేచనాలతో పశువైద్యశాల బల్ల మీద ఉంటుంది, లేదా అక్కడిదాకా కూడా రాదు.

కుక్కపిల్ల కళ్లు తెరవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మూడో వారం దాటితేగాని నాకి తాగడం రాదు. అంతవరకు దానికి తెలిసింది చీకడం ఒక్కటే. సాసరులో మూతి ముంచితే పాలు ముక్కులోకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇక పాల సంగతి. కుక్కపాలలో కొవ్వూ మాంసకృత్తులూ ఆవుపాలకు రెట్టింపు పైమాటే, పాలచక్కెర మాత్రం తక్కువ. ఆవుపాలు తాగిన కుక్కపిల్లకు కావలసినది సగం అందుతుంది, అక్కర్లేనిది ఎక్కువ అందుతుంది. ఆ ఎక్కువైన చక్కెర పేగులో పులిసి విరేచనాలవుతాయి. మన ఇళ్లలో ఇంకో అలవాటుంది: ‘పసిది, చిక్కటి పాలు అరగవు’ అని సగానికి సగం నీళ్లు కలుపుతారు. అప్పుడు సగం కాస్తా పావు అవుతుంది. మేకపాలు మేలంటారు గానీ కొవ్వు లెక్కలో అవీ ఆవుపాలకు అక్కచెల్లెళ్లే.

మరి ఏం పోయాలి? మందుల దుకాణాల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, అదే సరైనది. అర్ధరాత్రి దొరక్కపోతే 240 మిల్లీలీటర్ల వెన్న తీయని పాలు, 3 గుడ్ల పచ్చసొనలు, ఒక పెద్ద చెంచా వంటనూనె, చిటికెడు ఉప్పు కలిపి వాడవచ్చు. ఇది ఒకటి రెండు రోజులకే, ఆపైన పనికిరాదు. తెల్లసొన వద్దు. పచ్చి తెల్లసొనలోని ఒక పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు.

పాలకంటే ముందు వెచ్చదనం. కథలన్నీ తడబడేది ఇక్కడే. పుట్టిన మొదటి వారంలో కుక్కపిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి పొట్ట కింద తోబుట్టువులతో కుప్పగా పడుకోవడమే దాని పొయ్యి. చల్లబడ్డ పిల్లకు పేగు కదలదు. ఆ స్థితిలో పాలు పడితే కడుపులోనే పులిసి ఉబ్బుతుంది. అందుకని మొదట వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి, అట్టపెట్టెలో ఒక పక్కకే పెట్టాలి. వేడెక్కువైతే పిల్ల రెండో పక్కకు జరిగే చోటుండాలి. మొదటి వారం పెట్టెలోపల 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఇదీ గబగబా చేసే పని కాదు. చల్లబడ్డ పిల్లను పొయ్యి దగ్గర పెట్టి ఒక్కసారిగా కాచకూడదు, గంటా గంటన్నర పట్టినా సరే నెమ్మదిగా వెచ్చబరచాలి. నోట్లో వేలు పెడితే వెచ్చగా తగిలి, చీకడం మొదలుపెట్టాకే పాలు.

పాలు పట్టేటప్పుడు కుక్కపిల్ల బోర్లా ఉండాలి, తల్లి దగ్గర పడుకున్నట్టే. మనిషి బిడ్డలా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి సీసా పట్టే బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా అది పొరబోయే దారి. 100 గ్రాముల బరువుకు ఒక్కోసారి 4 మిల్లీలీటర్లు దాటకూడదు. మొదటి వారం రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పట్టాలి. ప్రతిసారీ పాలయ్యాక గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా తుడవాలి. తల్లి నాలుకతో చేసే పని అది. అలా తుడవకపోతే ఈ వయసు పిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు. ఇంత కథ రాసి ఈ దూదిముక్కను వదిలేస్తారు రచయితలు. అసహ్యమనుకుంటారో ఏమో! మాకు మాత్రం ఏ పాటకన్నా లాలిగా తోచేది ఆ దూదిముక్కే.

రోజూ ఒకే వేళకు తూచి కాగితం మీద రాయాలి. రోజుకు 5 నుంచి 10 శాతం పెరగాలి. ఒక రోజు పెరగకపోతే కళ్లప్పగించి చూడాలి, రెండో రోజూ పెరగకపోతే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. చూడ్డానికి పిల్ల హుషారుగానే కనబడుతుంది. తూకం మాత్రం ముందే చెప్పేస్తుంది.

అసలు తేవాలా అన్నది వీటన్నిటికంటే ముందు ప్రశ్న. వీధికుక్క తిండి వెతుక్కుంటూ గంటో రెండు గంటలో పోవడం మామూలే. పిల్లలు పొట్ట నిండి, వెచ్చగా, గుట్టుగా పడుకుని ఉంటే తల్లి వస్తున్నట్టే, దూరంగా నిలబడి చూడాలి. ఆగకుండా ఏడుస్తూ, ముట్టుకుంటే చల్లగా ఉంటే అప్పుడు తీసుకోవాలి. అదీ పెద్దవాళ్లే తీసుకోవాలి. రేబిస్ పెద్దకుక్కకే వస్తుందనుకోవద్దు, పిల్లకూ వస్తుంది. పన్ను గీరినా గాటును సబ్బుతో, ధారగా పోసే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కారం, పసుపు, సున్నం అద్దకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది, చర్మం తెగి రక్తం వస్తే దానితోపాటు గాయంలోకే ఇంకో మందు ఎక్కించాలి. కథ చివర రెండు వాక్యాల్లో ఇదంతా పట్టేస్తుంది.

ఇలా వివరాలు కూరితే కథలో తడి ఆరిపోతుందని కొందరు రచయితలు అంటారు. మేం ఒప్పుకోం. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో శకుంతల అత్తింటికి బయల్దేరుతుంటే ఒక జింకపిల్ల ఆమె దారి వదలదు. దాన్ని ఆమె ఎలా పెంచిందో కణ్వుడు చెబుతాడు. దర్భ గుచ్చుకుని మూతి చీరుకుపోతే ఇంగుదీ తైలం, అంటే మన గారచెట్టు గింజల నూనె, పూసి మాన్పిందట. గుప్పెడు గుప్పెడు శ్యామాక ధాన్యం తినిపించి పెంచిందట. గాయం ఎక్కడ, దేనివల్ల, ఏ నూనె, ఏ గింజ, ఏ కొలత – అన్నీ ఒక్క శ్లోకంలో ఉన్నాయి. దానివల్ల ఎవరి కన్నీళ్లూ ఆగిపోలేదు.

ఈ కాలానికొస్తే ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ పశువైద్యుడు ఆల్ఫ్ వైట్ ఉన్నాడు. జేమ్స్ హెరియట్ అన్నది ఆయన కలం పేరు. సొంత పేరుతో రాస్తే వృత్తికి ప్రచారం చేసుకున్నట్టవుతుందని అప్పటి వృత్తి నియమాలు ఒప్పుకోక, ఒక ఫుట్‌బాల్ గోల్‌కీపర్ పేరు పెట్టుకున్నాడు. యాభై దాటాక, 1970లో మొదటి పుస్తకం వచ్చింది. ఆ పుస్తకాలు లక్షల మందిని ఏడిపించి నవ్వించాయంటే కారణం పశువుల మీద ప్రేమ ఒక్కటే అనుకోవద్దు. కొట్టంలో రాతినేల మీద బోర్లా పడి భుజందాకా చెయ్యి లోపల పెట్టి దూడను తిప్పే పని, సబ్బునీళ్ల బకెట్, చలి, పేడ అన్నీ ఉన్నదున్నట్టు ఉంటాయి. ఆ మనిషికి పని తెలుసని నమ్మాకే ఆయన కన్నీళ్లను మనం నమ్ముతాం.

ఆ పుస్తకాల్లో ఉన్న ఒక వింత మన మురా గేదెల కొట్టాల్లోనూ నిత్యం జరిగేదే. ఈనిన రెండు మూడు రోజుల్లో, బాగా పాలిచ్చే గేదె ఉన్నట్టుండి కూలబడుతుంది. మెడ డొక్క మీదికి వంచేస్తుంది, చెవులు చల్లబడతాయి, మూతి ఎండిపోతుంది. పాలజ్వరం అంటాం గానీ అసలు జ్వరమే ఉండదు, ఒళ్లు చల్లబడుతుంది. పొదుగులోకి పాలతోపాటు కాల్షియం ఒక్కసారిగా దిగిపోవడం వల్ల రక్తంలో దానికి కరువొస్తుంది. డాక్టరు వచ్చి కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మిల్లీలీటర్ల సీసా నరంలోకి ఎక్కిస్తాడు. సీసా ఖాళీ అయ్యేసరికి గేదె త్రేనుస్తుంది, పేడ వేస్తుంది, కాసేపటికి లేచి నిలబడుతుంది. ఇంతకన్నా అందమైన దృశ్యం కథకుడికి దొరకదు, నిజమే. కానీ రాసేవారు ‘సూది వేశాడు, లేచి నిలబడింది’ అని ముగిస్తారు. ఆ సూది ఎక్కించడానికి 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. సీసాను ముందు గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఒంటి వేడికి తెస్తారు. ఎక్కిస్తున్నంతసేపూ గుండె చప్పుడు వింటూ, లయ తప్పితే ఆపేస్తారు. ఎందుకంటే ప్రాణం పోసే ఆ కాల్షియమే తొందరపడితే గుండెను ఆపేస్తుంది. సంతలో సీసా కొనుక్కొచ్చి తామే ఎక్కించి గేదెను పోగొట్టుకునేవారికి తెలియనిది ఈ ఇరవై నిమిషాలే.

ఇంకొకటి. కూలబడ్డ పశువు నోట్లో వెదురుగొట్టంతో గంజో, నూనో, నాటుమందో పోయకూడదు. ఈ జబ్బులో మింగే కండరాలు కూడా సడలిపోయి ఉంటాయి, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలజ్వరం నుంచి బయటపడ్డ గేదె వారం తిరక్కుండా న్యుమోనియాతో చచ్చిపోయిందంటే ఆ గొట్టాన్నే అనుమానించాలి. డాక్టరు వచ్చేలోగా చేయగలిగింది వేరే ఉంది. పక్కకు వాలిపోకుండా రొమ్ము మీద కూర్చునేట్టు రెండువైపులా గడ్డిమోపులు ఆనించాలి, ఎండ తగలకుండా చూడాలి. లేచాక కూడా ఒకటి రెండు రోజులు పొదుగును పూర్తిగా పిండేయకూడదు.

దూడల కథల్లో మేం చూడాలనుకునే మాట ముర్రుపాలు. దూడ పుట్టేటప్పటికి దాని రక్తంలో రోగాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఉండదు. ఆవుకీ గేదెకీ మాయలోంచి అది బిడ్డకు దాటదు. అంతా ముర్రుపాల నుంచే రావాలి. ఆ శక్తిని పీల్చుకునే తలుపులు దూడ పేగులో మొదటి ఆరు గంటలు బాగా తెరిచి ఉంటాయి, 24 గంటలకు మూసుకుపోతాయి. దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు మొదటిరోజు పట్టాలి, అందులో సగం మొదటి రెండు గంటల్లోనే. మన ఊళ్లలో ఏం చేస్తారు? ‘మాయ పడేదాకా దూడను వదలకూడదు’ అంటారు. మాయ పడటానికి 8 నుంచి 12 గంటలు పట్టవచ్చు, అప్పటికి పేగు తలుపులు సగం మూసుకుపోతాయి. నిజానికి దూడ చీకితేనే గర్భసంచి ముడుచుకుని మాయ తొందరగా పడుతుంది. ఇక మిగిలిన పాలు జున్నుకు పోతాయి. వీధంతా పంచే జున్ను మీద మాకేం కోపం లేదు, బెల్లం, మిరియాలు వేస్తే ఇంకా బాగుంటుంది. దూడ వాటా తీశాకే జున్ను గిన్నె పొయ్యి మీద పెట్టాలని మాత్రం అంటాం.

అదే పూట బొడ్డు చూడాలి. ఒంటికి మూడు వేళ్ల దూరంలో శుభ్రమైన దారం కట్టి, దాని కింద కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. తుడిస్తే చాలదు, ముంచాలి. వదిలేస్తే చీము బొడ్డులోంచి కీళ్లకు చేరుతుంది. కథలో ‘పుట్టినప్పటినుంచీ కుంటిది పాపం’ అనిపించుకునే దూడలు చాలామటుకు పుట్టాక కుంటివైనవే. గేదెదూడకు ఏలికపాములు తల్లిపాలలోనే వస్తాయి, కాబట్టి 7 నుంచి 10 రోజుల వయసుకే పాముల మందు తాగించాలి. మట్టిరంగు విరేచనాలు, ఉబ్బిన పొట్ట, గరుకు వెంట్రుకలు కనబడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మగదూడైతే ఇవేవీ చేయరు. ఆ సంగతి మీద ఒక మంచి కథ ఎవరైనా రాస్తే బాగుండును.

పక్షుల కథల గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాం. నేల మీద గెంతుతున్న, ఒళ్లంతా ఈకలొచ్చిన పిల్ల పడిపోయిన పిల్ల కాదు, ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. తల్లీతండ్రీ పక్క కొమ్మ మీదే ఉండి మేపుతుంటాయి. పిల్లిని, కుక్కను ఆపితే చాలు. ఈకలు రాని పిల్లయితే గూట్లో పెట్టేయవచ్చు, మనిషి చెయ్యి తగిలిందని తల్లి వదిలేయదు. వెలివేస్తుందన్నది పుస్తకాలు పెంచిన భయమే. ముక్కు తెరిచి నీటిచుక్కలు వేసే బొమ్మ మానండి. పక్షి నాలుక మొదట్లోనే ఊపిరిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది, చుక్క నేరుగా అందులోకి జారుతుంది. గుప్పిట్లో బిగించి గుండెలకు హత్తుకోవడమూ మానండి. పక్షికి మనలా ఉదరవితానం, అంటే రొమ్ముకూ పొట్టకూ మధ్య ఊపిరాడించే కండరం, లేదు, రొమ్ము ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి ఆడుతుంది. ప్రేమగా బిగించిన పిడికిలి దానికి ఉరితాడే. పసుపూ నూనే కలిపి రాస్తే ఈకలు అతుక్కుపోయి, వేడి నిలవక చలితో చస్తుంది. సంక్రాంతికి మాంజా దారం చుట్టుకున్న పక్షి దొరికితే దారాన్ని లాగకూడదు. లాగితే ఇంకా లోతుకు కోస్తుంది. రెండుపక్కలా కత్తిరించి, చుట్టుకున్న ముక్కను అలాగే ఉంచాలి. బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, సద్దులేని చోట ఉంచి, తిండీ నీళ్లూ ఇవ్వకుండా అటవీశాఖకో పక్షుల వైద్యం తెలిసినవారికో అప్పగించాలి.

పంజరంలో రామచిలుక ‘అమ్మా, అతిథులొచ్చారు’ అనే కథలు ఇంకా అచ్చవుతున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన రామచిలుకను ఇంట్లో పెంచడం నేరం. పాత కథయితే పాతకాలం అని తెలిసేట్టు వేయండి. కొత్తగా రాసేవారు జామచెట్టు మీద వదిలేసి రాయండి, అక్కడా అది బోలెడు మాట్లాడుతుంది. నాగులచవితి సంచికల్లో పాలు తాగే పాము గురించి వేరే చెప్పనక్కర్లేదు. పాముకు పాలు ఆహారం కాదు, బలవంతాన పోస్తే ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

ప్రేమ కూడా ఎక్కువైతే ఏమవుతుందో చెప్పిన జంతుప్రేమికురాలు ఒకరున్నారు. కెన్యాలో అనాథ ఏనుగుపిల్లలను సాకిన డాఫ్నీ షెల్‌డ్రిక్. పాలు మాత్రమే తాగే వయసు ఏనుగుపిల్లలు ఆవుపాల కొవ్వును తట్టుకోలేక చనిపోయేవి. ఏళ్ల తరబడి మార్చి మార్చి చూశాక కొబ్బరినూనె ఉన్న పాలపొడి వాటికి పడుతుందని ఆమె కనిపెట్టింది. అలా బతికించిన ఆయిషా అనే పిల్ల ఆరు నెలలు పెరిగింది, ఆమెనే తల్లి అనుకుంది. కూతురి పెళ్లి కోసం ఆమె కొన్నాళ్లు వెళ్లేసరికి ఆ పిల్ల తిండి మానేసి చనిపోయింది. ఆమె దాన్ని దాచుకోలేదు, తన తప్పేనని రాసింది. ఆ తర్వాత నైరోబీలో ఆమె నడిపిన ఏనుగుపిల్లల అనాథాశ్రమంలో పద్ధతి మారింది. సంరక్షకులు రాత్రిళ్లు ఏనుగుపిల్లల పక్కనే పడుకుంటారు, కానీ రోజుకొకరు మారుతూ పడుకుంటారు. ఏ పిల్లా ఒక్క మనిషి మీదే ప్రాణం పెట్టుకోకుండా చూడటం కూడా సంరక్షణలో భాగమే అయింది. మూడు గంటలకోసారి పాలు, తల్లి ఒళ్లులా తొండం ఆనించుకోవడానికి వేలాడదీసిన దుప్పటి.

సింహం పిల్లను పెంచి అడవిలో వదిలిన జాయ్ ఆడమ్సన్ 1960 నాటి పుస్తకంలోనూ గమనించదగ్గ పాల కొలతలున్నాయి. పాలలో కాడ్‌లివర్ నూనె, ఎముకల పొడి కలిపినట్టు ఆమె రాసింది. ఎముకల పొడి ఎందుకంటే, ఉత్త మాంసంలో భాస్వరం మెండు, కాల్షియం బహుతక్కువ. బొచ్చుకుక్కపిల్లకు వట్టి చికెన్ ముక్కలు పెట్టి పెంచేవారి ఇళ్లలో మూడో నెలకల్లా కాళ్లు వంకర తిరిగేది ఇందుకే. సింహం కథలోని ఒక్క వాక్యం అమీర్‌పేట అపార్టుమెంటు కుక్కకూ పనికొస్తుంది.

ప్రచురణకర్తలకు మా విన్నపాలు పెద్దవేం కావు. పిల్లల జంతుకథ అచ్చుకు వెళ్లేముందు వ్రాతప్రతిని దగ్గరలోని పశువైద్యాధికారికి ఒక్కసారి చూపించండి, అరగంట పని. అనువాదాల్లో జంతువుల పేర్లు, కొలతలు జాగ్రత్తగా చూడండి. ఔన్సులను గుడ్డిగా ‘చెంచాలు’ చేస్తే పిల్లజంతువు చచ్చే మోతాదు అవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సుకు 1962 నంబరుంది, దాన్ని పుస్తకం చివరి అట్ట మీద వేయండి. ఇక ఆ బొమ్మ. కుక్కపిల్ల ముందునుంచి సాసరు తీసేసి, వంటింటి తూకం మీద తువ్వాలు పరచి దాన్ని కూర్చోబెట్టండి. పక్కన పెన్సిలు పట్టుకుని ‘ఈరోజు 315 గ్రాములు’ అని రాస్తున్న పాపను గీయండి. చిత్రకారులు ఎవరైనా వేసి పంపితే, తూకం ముల్లు ఎక్కడుండాలో మేం చెబుతాం.

ఇట్లు,
పశువైద్య వృత్తిలో ఉన్న కొందరు పాఠకులు